వేలు అడ్డం వచ్చిన బొమ్మలు

ఏరు రెండోసారి బజారులోకి వచ్చిన ఏడాది అది. మొదటిసారి వచ్చినప్పుడు మోకాళ్ల దాకా ఎగబాకి, ఏదో మర్చిపోయిన మనిషిలా వెనక్కి మళ్లింది. రెండోసారి మాత్రం గడపలు దాటి, బల్లలెక్కి, గోడల మీద తన ఎత్తెంతో తనే గీత గీసుకుని మరీ పోయింది. ఆ బురద పూర్తిగా ఆరకముందే, చలి ముదిరిన రోజుల్లో, రఫూ షాపు ముసలాయన వదిన పోయింది. ఆ తర్వాత ఎండలు మొదలైన ఒక మధ్యాహ్నం ముసలాయన తన షాపు తలుపు దగ్గరికి వేసి, పక్కనున్న జిరాక్స్ షాపులో, కాయితం కట్టల మధ్య, వీపు ఆనించుకోడానికి ఏమీ లేని ఎత్తు స్టూలు మీద కూర్చుని, కంప్యూటర్ తెర మీద వదిన బ్లాగు చూస్తున్నాడు. బ్లాగు కొత్త ఇంట్లో దిగింది. కొత్త ఇల్లు అన్న మాట జిరాక్సాయనది. ఇన్నేళ్లూ వదిన రాతల్నీ ఫొటోల్నీ దాచిపెట్టిన కంపెనీ బోర్డు తిప్పేస్తోందట. ఈ సాయంత్రంతో తమ దగ్గరున్నవన్నీ చెరిపేస్తాం, ఎవరి సామాను వాళ్లు పట్టుకుపోండని ఉత్తరం మీద ఉత్తరం పంపిందట.

"అద్దె ఇల్లు మారడం అనుకో బాబాయ్. ఓనరు ఖాళీ చెయ్యమన్నాడు, మనం ఇంకో వాటా చూసుకున్నాం. రాతలు ఒక బండిలో, బొమ్మలు ఇంకో బండిలో. దింపేశాం. పాలు పొంగించడం ఒక్కటే తక్కువ," అని జిరాక్సాయన ఒళ్లంతా కదిలేట్టు నవ్వి, "చూసుకో, అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో," అని మౌసు ఆయన చేతి కింద పెట్టాడు.

ముసలాయన చూశాడు. మొదట ఒక కోటు, మోచేతి దగ్గర నోరు తెరిచిన చిరుగు. దాని కింద వదిన రాసిన నాలుగు మాటలు. ఆ మాటల కింద వెంటనే ఇంకో బట్ట, ఇంకో చిరుగు. మళ్లీ నాలుగు మాటలు. మళ్లీ చిరుగు. ఎలకలు కొరికినవి, నిప్పు పడి కాలినవి, మేకుకి తగులుకుని బర్రున పోయినవి. కిందికి లాగిన కొద్దీ చిరుగులే వస్తున్నాయి. ఒక్కటంటే ఒక్కటి బాగుపడ్డ బట్ట లేదు. తాను ఇన్నేళ్లు కూర్చుని అల్లిందంతా ఎవరో ఒక్క పూటలో విప్పేసినట్టుంది. వదిన పద్ధతి అది కాదు. చిరిగిన బట్ట ఒక ఫొటో, మధ్యన అది ఎలా చిరిగిందో కథ, ఆ తర్వాత బాగైన బట్ట ఇంకో ఫొటో. ఆ రెండో ఫొటోలో ఎక్కడ రఫూ చేశాడో ఎవరికీ కనిపించదు గనక, ఇదిగో ఇక్కడ అని ఆవిడ చూపుడు వేలు.

"వేలు?" అన్నాడు ముసలాయన.

"ఏం వేలు? ఓ, అదా. తీసేశాగా. వేలు అడ్డం వచ్చిన బొమ్మలు బోలెడు ఉన్నాయి బాబాయ్, వాటిలో వేలు తప్ప చూడ్డానికేం లేదు, ఉత్త గుడ్డ. మీ గుమ్మంలోకి వచ్చి అడిగాను కూడా, తీసెయ్యనా అని. ఊఁ అన్నావు."

అన్నాడు. నిజమే. పళ్ల మధ్య పోగు ఉంది అప్పుడు. కోటు లోపలి మడతలోంచి తీసిన పోగు, తడి తగిలితే గానీ సూది బెజ్జంలోకి దూరదు, వదిలేస్తే ముడి పడుతుంది, అంచేత పెదాలు బిగించి పట్టుకుని ఉన్నాడు. గుమ్మంలో వెలుతురుకి అడ్డంగా జిరాక్సాయన నిలబడి ఏదో అంటున్నాడు. ఆ మనిషి ఎప్పుడూ ఏదో ఒకటి అంటూనే ఉంటాడు. వింటున్నాను, అని చెప్పడానికి ఊఁ అన్నాడు. కథ చెప్పేవాళ్లకి ఊఁ కొట్టినట్టు. దానికి సరే అని అర్థం వస్తుందని ఆయనకి తోచలేదు. ఎందుకు తోచలేదంటే, ఇన్నాళ్లూ ఆయన ఊఁలకి అర్థం చూసుకునే పని ఆయనది కాదు, వదినది. తిన్నానన్న ఊఁ వేరు, ఆకల్లేదన్న ఊఁ వేరు, కోపం వచ్చిన ఊఁకి చివర చిన్న విరుపుంటుంది, వాన వచ్చేలా ఉందన్న ఊఁ ముక్కులోంచి వస్తుంది. బేరానికి వచ్చినవాళ్లు ఆయన్నేదైనా అడిగి ఊఁ తెచ్చుకుంటే, వదిన బల్ల వెనక నుంచి అందుకుని, "గురువారం ఇస్తాడట, గుండీ ఒకటి పోయింది అది కూడా చూస్తాడట," అని అంత పొడుగు చెప్పేది. "అంతా ఆ ఒక్క ఊఁలోనే ఉందా అమ్మా?" అంటే, "ఉంది బాబూ, మా ఊఁగారు మాటలు నానబెట్టి పిండేసి పిప్పి పారేస్తారు," అనేది. ఊఁగారు. ముసలివాడయ్యాక పెట్టిన పేరు అది. అంతకు ముందంతా అబ్బాయ్.

"అది వదిన," అన్నాడు ముసలాయన.

"ఏది?"

"వేలు."

జిరాక్సాయన తెర కేసి చూశాడు, ముసలాయన కేసి చూశాడు. "మరి ఆవిడ ఫొటో... మీ ఇంట్లో..." అని నీళ్లు నమిలాడు. లేదు. గుర్తింపు కార్డు మీద ఒకటి ఉంది గానీ అందులో ఉన్నది వదిన కాదు, ఎవరో దొంగతనం మోపితే బిక్కచచ్చి నిలబడ్డ పక్కింటావిడ. కెమెరా కొన్నాక అది ఎప్పుడూ ఆవిడ చేతిలోనే ఉండేది, ఇంక ఆవిడని తీసేదెవరు. ఒకసారి ఆయన చెయ్యి చాపితే, "నా మొహం నాకు తెలుసు, నీకూ తెలుసు, ఇంకెవరికి కావాలి," అని నవ్వి కెమెరా వెనక్కి లాక్కుంది. కెమెరా ఏట్లో పోయింది. జిరాక్సాయన తన కంప్యూటర్లోని చెత్తబుట్టలో వెతికాడు, డిస్కు నిండిపోతోందని అదీ తుడిచేసి ఉన్నాడు, తుడిచేసింది తనేనని గుర్తొచ్చి నుదురు కొట్టుకున్నాడు. "ఉండు బాబాయ్, కంగారు పడకు. పాత ఇల్లు ఇంకా కూల్లేదు. సాయంత్రం దాకా తలుపు తెరిచే ఉంటుంది. మొత్తం మళ్లీ లాగేస్తాను, వేళ్లతో సహా. నువ్వు కదలకు." తాను కదిలితే ఏదో చెడిపోతుందన్నట్టు ముసలాయన స్టూలు అంచులు పట్టుకుని కూర్చున్నాడు.

తెర మధ్యలో ఒక చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. అందరూ ఆఖరి రోజునే పరుగెత్తుకొస్తారు, గుమ్మంలో తొక్కిసలాటగా ఉంది, అందుకే ఇంత నెమ్మది, అని జిరాక్సాయన గొణుగుతున్నాడు. గుమ్మంలో తొక్కిసలాట. ముసలాయన కళ్లకి గుమ్మం కనిపించింది, నిజంగా ఇల్లు ఖాళీ చేసినప్పటి గుమ్మం, అన్న పోయిన ఏడాది, విధవరాలూ వయసొచ్చిన మరిదీ ఒక్క వాటాలో ఉంటే నలుగురూ ఏమనుకుంటారని ఓనరు భార్య గుమ్మంలో నిలబడి కొంగు నోటికడ్డం పెట్టుకుని అడిగినప్పుడు, వదిన బిందె చంకనెత్తుకుని, "ఏమనుకుంటారో మీరు ముందే అనుకున్నారుగా, ఇంక వాళ్లకెందుకు శ్రమ," అని బండెక్కింది. పరుపుల చుట్ట మీద కూర్చుంది, కుట్టు పెట్టె ఒళ్లో పెట్టుకుంది, దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు, ఆ ఒక్క రోజే ఆవిడ మాట్లాడనిది. ఇల్లు మారినప్పుడల్లా ఒక మూత పోయేది. గిన్నె ఉండేది, మూత ఉండేది కాదు. తర్వాతి ఇంట్లో మూత దొరికేది, అది సరిపోయే గిన్నె అంతకు ముందు ఇంట్లోనే ఉండిపోయేది. చివరికి వాళ్లింట్లో ఏ గిన్నెకీ దాని మూత లేదు, అన్నిటికీ వేరేవాటి మూతలే, కొంచెం పెద్దవో కొంచెం చిన్నవో. "మనలాగే," అంది వదిన ఒకసారి, పళ్లెం బోర్లించి కూర మూస్తూ. ఆయన ఊఁ అన్నాడు. ఆ ఊఁకి అర్థమేమిటో ఆవిడ పైకి చెప్పలేదు.

అన్న నేర్పాడు రఫూ. మూడో క్లాసు వదిలేసి వచ్చినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, గుడ్డని దీపానికి ఎత్తి పట్టి, ఇది పడుగు, ఇది పేక, నిలువు పోగులు, అడ్డం పోగులు, లోకంలో ఏ గుడ్డైనా ఈ రెండే, తెగినచోట ఒక్కొక్క పోగే మళ్లీ వెయ్యాలి, పైకీ కిందికీ, పైకీ కిందికీ. వేరే దారం పెడితే అది అతుకు. ఆ గుడ్డలోంచే, ఎవరూ చూడని లోపలి మడతలోంచే, దాని పోగు దానికే పెడితే అది రఫూ. చేసినవాడి పేరు గుడ్డ మీద కనబడకూడదు, అనేవాడు అన్న. వదినకి ఆ మాట ఒంటికి కారం రాసుకున్నట్టుండేది. "కళ్లు పోగొట్టుకుని చేసేది మీరు, కనబడకూడదంటే ఎలా?" అన్న పోయాక ఒక ప్లీడరు కోటు తెచ్చాడు. ఇచ్చిన రోజున జేబు దగ్గర గుండ్రంగా కాలిన బొక్క చూపించి ఎలక కొరికిందన్నాడు. "మీ ఇంట్లో ఎలకలు సిగరెట్లు కాలుస్తాయా సారూ?" అంది వదిన. ఆ మంట మనసులో పెట్టుకున్నాడేమో, కోటు తీసుకోడానికి వచ్చినప్పుడు అటూ ఇటూ తిప్పి, "ఏదీ, చేసిందేదీ? వేరే కోటు మార్చి ఇస్తున్నారా?" అని గొంతు లేపాడు. చుట్టూ జనం. ముసలాయన, అప్పటికి ముసలాయన కాదు, తల వంచుకుని ఉన్నాడు, నోట్లో నాలుక లేనట్టు. వదిన బల్ల చుట్టూ తిరిగి వచ్చి, కోటు లాక్కుని, నల్ల గుడ్డ మీద చూపుడు వేలు ఆనించింది. ఇదిగో. ఇక్కడ. గోటితో గీకి చూసుకోండి. ప్లీడరు వంగి, కళ్లజోడు పైకెత్తి, దించి, ఇంకేం మాట్లాడకుండా వెళ్లిపోయాడు. ఆ వేలు అలా మొదలైంది. కంప్యూటరూ కెమెరా వచ్చాక, బడిలో పాఠాలు చెప్పే ఒకావిడ బ్లాగు తెరిచి ఇచ్చాక, ఫొటోల్లోకి కూడా అదే వేలు వచ్చింది. ఎడం చేత్తో కెమెరా, కుడి చేతి వేలు బట్ట మీద.

"రెండు పేజీలు జిరాక్స్ తియ్యండి, అటూ ఇటూ," అంది గుమ్మంలోంచి ఒక ఆడమనిషి.

"ఇప్పుడు కుదరదమ్మా, మిషను పాడైంది," అన్నాడు జిరాక్సాయన తెర మీంచి కళ్లు తీయకుండా.

"దీపం వెలుగుతోందిగా."

"వెలుగుతుంది. ఏడవడానికి వెలుగుతోంది. అవతలి వీధిలో తియ్యించుకో తల్లీ, ఇక్కడ మనిషి ప్రాణం మీదకొచ్చింది."

ఆవిడ హడలిపోయి ముసలాయన కేసి చూసి, పోయే ప్రాణం ఈయనదేనేమో అనుకుని, "నీళ్లేమైనా పట్టించారా పాపం?" అని అడిగి వెళ్లింది. ఇంకో రోజైతే వదిన ఈ ముక్క బ్లాగులో పెట్టేది. జనం ఏం మాట్లాడినా ఆవిడకి కథే. బస్సు నడిపేవాడి చొక్కా భుజం చిరిగితే ఎవరు పట్టుకు లాగారో, చిల్లర కోసమా సీటు కోసమా, మొత్తం కక్కించి గాని చీటీ రాసేది కాదు. ఆసుపత్రి నర్సు తెల్ల కోటు తెచ్చింది ఒకసారి, మణికట్టు దగ్గర కుట్టు ఊడి, దాని వెంట గుడ్డ బెత్తెడు పోయి ఉంది. ఎలా చిరిగిందమ్మా అంటే చెప్పలేదు. బట్ట తీసుకోడానికి వచ్చిన రోజు చెప్పింది. ఎవరో ముసలి పేషెంటు, పోయే ముందు చెయ్యి పట్టుకోబోయి కోటు పట్టుకున్నాడు, తర్వాత విడిపించలేకపోయారు. వదిన ఆ కథ రాస్తూ మధ్యలో లేచి నీళ్లు తాగొచ్చింది. ఆ కోటు రెండో ఫొటోలో వేలు మణికట్టు మీద ఆనీ ఆనకుండా ఉంటుంది, నాడి చూస్తున్నట్టు. ఉంటుందా? ఉండేదా? ఆయన కళ్లు మూసుకుని చూశాడు. తెల్ల గుడ్డ కనిపించింది, నేత కనిపించింది, తాను వేసిన పోగులు ఎటునుంచి ఎటు వెళ్లాయో ఒక్కొక్కటీ కనిపించింది. వేలు రావడం లేదు. కనిపించేదంతా తన పనే. తన పని ఎవరికీ కనిపించదని అన్న మెచ్చుకున్నాడు, ఇప్పుడు తనకి అదొక్కటే కనిపిస్తోంది.

చక్రం తిరుగుతోంది. ఆ వేలుకి గోరు నిలువునా చీలి ఉండేది, షాపు షట్టరు పడి. అది మళ్లీ మళ్లీ పెరిగేది, మళ్లీ మళ్లీ చీలినట్టే పెరిగేది. చివరి కణుపు కొంచెం ఎడమకి వంగి ఉండేది, ఏదైనా చూపించినప్పుడు అసలు చోటుకి కాస్త పక్కన చూపించినట్టుండేది. ఈ వేలు పెట్టే ఆయనకి చదవడం నేర్పింది. మూడు క్లాసుల చదువు చేతిలోంచి ఎప్పుడో జారిపోయింది, ఒత్తులొస్తే ఆగిపోయేవాడు. వారపత్రికలో సీరియల్ ముందేసుకుని వదిన ఒక్కొక్క అక్షరం కింద వేలు పెట్టి జరిపేది. వేలు ఆగితే ఆగాలి, వేలు కదిలితే కదలాలి. రాజుగారి కూతురు అడివిలో తప్పిపోయిన చోట వేలు తీసేసి, "మిగతాది వచ్చే వారం," అనేది. ఇప్పటికీ ఆయన ఏదైనా చదివితే వాక్యం కింద ఆ వేలు నడుస్తున్నట్టు అనుకుంటేనే వరస కుదురుతుంది. లేకపోతే కళ్లు కింది వరసలోకి జారిపోతాయి. వదిన పోయిన కొత్తలో ఈ జిరాక్స్ షాపుకే వచ్చి ఈ బ్లాగు చదివేవాడు, రాత్రి భోజనం ముందు కాసేపు. ప్రతి కథ చివరా ఆ వేలు వచ్చేది. వచ్చింది కదా అని లేచి వెళ్లి, తిని పడుకునేవాడు. చూశాడా దాన్ని? తేరిపార చూశాడా? లేదు. ఎక్కడికి పోతుందిలే అనుకున్నాడు. రోజూ ఉండేదాన్ని ఎవరు చూస్తారు.

ఏరు వచ్చిన రోజు ఆవిడ చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నీళ్లు గుమ్మం దాటుతుంటే ఆయన బేరగాళ్ల బట్టల మూటలు మోసుకుని మేడెక్కాడు, అది ధర్మం గనక. వెనక్కి చూస్తే వదిన కంప్యూటర్ పెట్టె నెత్తిన పెట్టుకుని, వైర్లు జడల్లా వేలాడుతుంటే, ఎర్రనీళ్లలో మెట్లు వెతుక్కుంటోంది. "బియ్యం డబ్బా!" అని అరిచాడు ఆయన. ఆయన అరవడం ఆవిడ వినడం అదే మొదలు. ఆ ఆశ్చర్యానికి మెట్టు తప్పి కూర్చుండిపోయింది, పెట్టె మాత్రం నెత్తి మీంచి దించలేదు. పెట్టె తడవలేదు గానీ లోపల చెమ్మ పట్టి చచ్చిపోయింది, కెమెరా అసలు దొరకనే లేదు. "పోతే పోనీలే, బొమ్మలన్నీ బ్లాగులో ఉన్నాయిగా, ఏరు అక్కడి దాకా ఎక్కలేదు," అంది తడి బట్టల్లో వణుకుతూ. అప్పుడు పట్టిన చలే. దగ్గయింది, జ్వరమయింది, జ్వరం దిగలేదు. ఆఖరి రోజుల్లో మాట పోయింది. మాటంటే ఆవిడే, అదే పోయింది. వేలు మాత్రం దుప్పటి మీద తిరుగుతూ ఉండేది, ఏదో పోగు లేచిందని వెతుక్కుంటున్నట్టు. చిరుగేమైనా చూపిస్తోందేమోనని ఆయన దుప్పటి వెలుతురు కేసి జరిపి, అంగుళం అంగుళం వెతికాడు. చిరుగు లేదు. ఎక్కడా ఒక్క పోగు కూడా లేవలేదు. "లేదు వదినా," అన్నాడు, పైకే అన్నాడు. వేలు ఆగలేదు.

"వస్తోంది!" అన్నాడు జిరాక్సాయన. "బాబాయ్, ఒకటి వస్తోంది, చూడు."

తెర మీద ఒక బొమ్మ పైనుంచి కిందికి దిగుతోంది, చాప విప్పినట్టు, ఒక్కొక్క గీతే. ముందు బల్ల చెక్క, తమ షాపు బల్లే, ఏరు రాకముందు రంగు. తర్వాత ఊదా రంగు ఉన్ని స్వెట్టరు మెడ. భుజాలు. ఛాతీ. ముసలాయన స్టూలు మీంచి లేచాడు. ఈ స్వెట్టరు తెలుసు. కడుపు దగ్గర పురుగు కొట్టింది, గోరంత, ఊదాలో రెండు రకాల ఊదా కలిపి అల్లిన ఉన్ని, వారం పట్టింది. వదిన ఎప్పుడూ కింది నుంచే చెయ్యి చాపుతుంది, తన వైపు నుంచి. ఇంకొంచెం దిగితే గోరు. గీత తర్వాత గీత, అల్లిక వరస తర్వాత అల్లిక వరస, సరిగ్గా ఆయన చెయ్యి పెట్టిన వరస దాకా వచ్చింది. అదిగో, అది తన పని, లోకంలో ఇంకెవరికీ కనిపించదు, ఆయనకి కనిపించింది. దాని కింద, గోటి కొస వంటి తెల్లటిదేదో, ఒక నీడో, చర్మమో. అక్కడ ఆగిపోయింది. అక్కడి నుంచి కింది దాకా బూడిద రంగు. చక్రం ఇంకాసేపు తిరిగింది. తర్వాత చక్రం కూడా పోయి, తెల్లటి తెర మీద ఏదో ఒక వాక్యం వచ్చింది. జిరాక్సాయన దాన్ని పైకి చదవలేదు. చదవక్కర్లేకపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు నొక్కినా అదే వాక్యం.

ఆ సగం బొమ్మే మిగిలింది. వీధిలో దీపాలు వెలిగాయి. జిరాక్సాయన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, అంత మనిషీ చిన్నపిల్లాడిలా. ఈ మనిషిని తిట్టాలని ఉందా అని ముసలాయన తన లోపల వెతుక్కున్నాడు. తిట్టాలంటే మాటలు కావాలి. తిట్టడానికి కూడా వదినే ఉండాలి.

"కొట్టు బాబాయ్ నన్ను," అన్నాడు జిరాక్సాయన చివరికి. ఆయన కొట్టలేదు. "ఒక్కటుంది... ఏం లాభంలే. బొమ్మ వెనకాల ఒక గడి ఉంటుంది, కళ్లు లేనివాళ్ల కోసం, బొమ్మలో ఏముందో మాటల్లో రాయడానికి. బొమ్మ లేకపోయినా ఆ మాటలు ఆ చోట నిలబడతాయి. కానీ ఏముందో ఎవరైనా చెప్పాలి గదా. వరసన అన్నిటికీ, కూర్చుని..." ముసలాయన మొహం చూసి, ఎవరితో అంటున్నాడో గుర్తొచ్చినట్టు, ఆ మాట అక్కడే మింగేశాడు. ముసలాయన బయటికి వచ్చి, తన షాపు తలుపు తీసి, దీపం వెయ్యకుండా బల్ల ముందు కాసేపు కూర్చుని, మేడెక్కి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున జిరాక్సాయన వచ్చేసరికి మూసి ఉన్న షట్టరు ముందు ముసలాయన నిలబడి ఉన్నాడు. లోపలికి వచ్చి, నిన్నటి స్టూలు మీదే కూర్చుని, "ఆ గడి తియ్యి," అన్నాడు. తర్వాత చాలాసేపు గొంతు సవరించుకున్నాడు, ఎన్నాళ్లుగానో వాడని కుళాయి తిప్పితే ముందు గాలి వచ్చినట్టు. నల్ల కోటు, అన్నాడు. కాలింది, లోపలి మడతలోంచి పోగు తీశాను. తెల్ల కోటు, నర్సుది, మణికట్టు. ఖాకీ చొక్కా, భుజం. ఒక్కొక్క చిరుగూ ఎంత పొడుగో, ఎటు చీలిందో, పోగు ఎక్కడిదో చెప్పుకుంటూ పోయాడు. వేలు ఎలా ఆనిందని అడిగితే మాత్రం ఆగేవాడు. "గుర్తులేదు," అనేవాడు. "మరేం రాయను?" అంటే, "గుర్తులేదనే రాయి." జిరాక్సాయన అలాగే రాశాడు, ఇక్కడ ఆవిడ వేలు ఉండేది, ఎలా ఉండేదో గుర్తులేదు. అలా చాలా గడులు నిండాయి. బ్లాగు తెరిచి ఇచ్చిన టీచరమ్మ శాలువా దగ్గరికి వచ్చేసరికి ముసలాయన తెరకి దగ్గరగా వంగాడు.

"ఇది గుర్తుంది," అన్నాడు.

"చెప్పు."

"తప్పు చూపించింది."

"ఎవరు?"

"వదిన. శాలువాకి రెండు కొసలూ ఒకేలా ఉంటాయి. చిరిగింది ఈ కొస. ఆవిడ వేలు పెట్టింది ఆ కొస మీద." ఇంకాస్త ముందుకి వంగి, "శాలువాలూ దుప్పట్లూ చాలా వాటికి అంతే. వెతికేది, దొరికేది కాదు. దొరికినట్టే పెట్టేది," అన్నాడు. ఆయన జీవితంలో ఒక్క బిగిన అన్ని మాటలు అనడం అదే మొదలు.

జిరాక్సాయన ముందు ఫక్కున నవ్వాడు, తర్వాత నవ్వలేదు. "ఇన్నేళ్లూ? మరి చెప్పలేదా బాబాయ్ ఆవిడకి, అక్కడ కాదు వదినా అని?"

ముసలాయన తల అడ్డంగా తిప్పాడు. "ఎంతో నమ్మకంగా చూపించేది."

మిషను వేడెక్కిన వాసన వస్తోంది. బయట ఎవరో కాయితాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. జిరాక్సాయన వేళ్లు అక్షరాల మీద పెట్టి, నొక్కకుండా అడిగాడు, "సరే, ఇప్పుడు ఏం రాయను? రఫూ చేసింది ఏ కొస అని?"

ముసలాయన తెర మీద చిరిగిన శాలువా కేసి చూశాడు. పోగు తప్పితే రాత్రంతా కూర్చుని విప్పి మళ్లీ అల్లిన మనిషి.

"ఆవిడ చూపించిన కొస," అని, స్టూలు ముందుకి జరుపుకుని, తర్వాతి బట్ట తియ్యమన్నాడు.